ముందు సున్నా, తర్వాత దారి, ఆఖరున అంకె

ఇవాళ మనం బ్యాటరీ లోపల జరిగే ఒక లెక్క గురించి మాట్లాడుకుందాం. ఎలక్ట్రిక్ ఆటో డిస్‌ప్లే మీద చార్జింగ్ 40 శాతం ఉందని కనిపిస్తుంది. డ్రైవరు ఆ అంకెను నమ్మి ఇంకో బేరం ఒప్పుకుంటాడు. సగం దూరం పోకముందే బండి ఆగిపోతుంది. చూసినవాళ్లంతా బ్యాటరీ పోయిందంటారు. నిజంగా పోయే ఉండొచ్చు. కానీ సెల్స్ అన్నీ బాగానే ఉండి, కరెంట్ లెక్క ఒక్కటే తప్పినా సరిగ్గా ఇలాగే జరుగుతుంది. ఆ లెక్క కట్టే భాగాన్నే ఫ్యూయల్ గేజ్ అంటారు. పెట్రోలు బండికి పెట్రోలు ముల్లు ఎంతో, బ్యాటరీ బండికి ఇది అంత. గేజ్ లెక్క తప్పితే మెకానిక్ మొదట చేసే పని సెట్టింగ్‌లోకి వెళ్లి అంకె మార్చడం. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. అంకె మార్చడం ఆఖరి పని. ముందు సున్నా చూడాలి. తర్వాత కరెంట్ వెళ్లే దారి చూడాలి. ఆ రెండూ సరిగా ఉన్నాయని తేలాకే అంకె ముట్టుకోవాలి. ఈ వరుస ఎందుకో, తప్పితే నష్టమేమిటో వివరంగా చూద్దాం.

ముందు ఈ గేజ్ ఎలా లెక్కపెడుతుందో తెలుసుకోవాలి. ఇప్పుడు చాలా ఆటోల్లో, సోలార్ సెట్లలో ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీలు వస్తున్నాయి. అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఒక్కో సెల్ 3.2 వోల్టులు. అలాంటివి 16 వరసగా కలిపితే 51.2 వోల్టుల బ్యాటరీ అవుతుంది. ఈ సెల్స్‌కి ఒక గుణం ఉంది. 80 శాతం దగ్గర ఉన్నా, 20 శాతానికి దిగినా, విశ్రాంతిగా ఉన్న సెల్ వోల్టేజ్‌లో తేడా సుమారు పదో వంతు వోల్ట్ మాత్రమే. కాబట్టి మధ్యలో ఎక్కడున్నామో వోల్టేజ్ చూసి చెప్పడం కష్టం. అందుకే గేజ్ వేరే పద్ధతి పట్టుకుంటుంది. లోపలికి ఎంత కరెంట్ వచ్చింది, బయటికి ఎంత పోయింది అని క్షణక్షణం కూడుతూ, తీసేస్తూ పోతుంది. ఒక ఆంపియర్ కరెంట్ గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్. షాపుల్లో ఏహెచ్ అనేది దీన్నే. మరి కరెంట్‌ని కొలిచేదెలా? నెగెటివ్ వైరు దారిలో షంట్ అనే చిన్న లోహపు ముక్క పెడతారు. కరెంట్‌కి దాని అడ్డు, అంటే నిరోధం, చాలా తక్కువ. ఒక మిల్లీ ఓమ్ అనుకుందాం. అప్పుడు ఒక ఆంపియర్ పారితే దాని రెండు కొసల మధ్య ఒక మిల్లీవోల్ట్ వస్తుంది. 40 ఆంపియర్లు పారితే 40 మిల్లీవోల్టులు. గేజ్ నిజానికి కరెంట్‌ని చూడదు. ఆ మిల్లీవోల్టులనే చూస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి. ఇకముందు చెప్పేదంతా ఈ చిన్న మిల్లీవోల్టుల చుట్టూ తిరుగుతుంది.

ఈ కొలతలో తప్పు రెండు రకాలుగా వస్తుంది. కొట్లో తక్కెడతో పోల్చి చూడండి. తక్కెడకి పాసంగం ఉందనుకోండి. ఖాళీ పళ్లేల్లో ఒకటి కిందికి వాలి ఉంటుంది. అప్పుడు పావుకిలో తూచినా, పదికిలోలు తూచినా తేడా ఒక్కటే. యాభై గ్రాములైతే ప్రతిసారీ యాభై గ్రాములే. ఇంకో రకం తప్పు రాళ్లలో ఉంటుంది. కిలో రాయి అసలు 950 గ్రాములే ఉందనుకోండి. అప్పుడు కిలోకి యాభై గ్రాములు, పది కిలోలకి అరకిలో తేడా వస్తుంది. అంటే సరుకు పెరిగేకొద్దీ తప్పు పెరుగుతుంది. గేజ్‌లో మొదటి రకం తప్పుని ఆఫ్‌సెట్ అంటారు. రెండో రకాన్ని గెయిన్ అంటారు. ఆఫ్‌సెట్ అంటే పాసంగం. గెయిన్ అంటే రాయి తూకం. పాసంగాన్ని రాయి మార్చి సరిచేయలేం. రాయి తప్పుని పాసంగం సర్ది సరిచేయలేం. గేజ్ చిప్పులు తయారుచేసేవాళ్లకి ఈ సంగతి తెలుసు. అందుకే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ లాంటి కంపెనీల గేజ్‌లలో చాలావాటికి ఆఫ్‌సెట్‌కి ఒక సెట్టింగ్, గెయిన్‌కి వేరే సెట్టింగ్ విడివిడిగా పెట్టారు.

ఈ రెండిటిలో పాసంగమే ప్రమాదకరమైనది. ఎందుకంటే అది నిద్రపోదు. బండి నడుస్తున్నా, షెడ్డులో నిలబడి ఉన్నా, ఆ తప్పు లెక్కలో కలుస్తూనే ఉంటుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. గేజ్ ఒక మిల్లీవోల్ట్‌లో 50వ వంతు తప్పు చూస్తోంది. అంటే 20 మైక్రోవోల్టులు. మామూలు మల్టీమీటర్‌కి కనపడనంత చిన్న తేడా. మన ఒక మిల్లీ ఓమ్ షంట్ మీద అది 20 మిల్లీ ఆంపియర్లు. ఒక రోజుకి 0.48 ఏహెచ్. నెల రోజులకి 14.4 ఏహెచ్. బ్యాటరీ 100 ఏహెచ్‌ది అనుకుంటే, నెలలో 14 శాతం పైగా లెక్క తప్పింది. లోపల సెల్స్‌లో ఏమీ జరగలేదు. చార్జి ఎక్కడికీ పోలేదు. సున్నా దగ్గర వెంట్రుకంత తేడా ఉన్నందుకు ఇంత తప్పు పేరుకుంది. గెయిన్ తప్పు ఇలా కాదు. కరెంట్ పారకపోతే దాని తప్పు సున్నా. పైగా చార్జింగ్‌లో 5 శాతం ఎక్కువ చూపితే, వాడకంలో కూడా 5 శాతం ఎక్కువే చూపుతుంది. కాబట్టి ఎక్కి దిగేసరికి ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. పాసంగం మాత్రం ఎప్పుడూ ఒకవైపే లాగుతుంది. అందుకే ముందు సున్నా అంటున్నాను.

ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు చూద్దాం. లోడ్ పెట్టారు. వైరుకి తగిలించి కరెంట్ చూసే క్లాంప్ మీటర్ 10 ఆంపియర్లు చూపిస్తోంది. గేజ్ పదిన్నర చూపిస్తోంది. వెంటనే గెయిన్ తగ్గించి గేజ్‌ని పదికి తెచ్చారు. రెండూ కలిశాయి. పని అయిపోయిందనుకున్నారు. కానీ అసలు తప్పు పాసంగంలో ఉంటే? అంటే కరెంట్ లేనప్పుడు కూడా గేజ్ అర ఆంపియర్ చూపిస్తూ ఉంటే? గెయిన్ మార్చాక కూడా ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు అర ఆంపియర్ చూపిస్తూనే ఉంటుంది. ఇంతకుముందు 40 ఆంపియర్ల దగ్గర 40.5 చూపించేది. తప్పు అర ఆంపియరే. ఇప్పుడు అక్కడ సుమారు 38.6 చూపిస్తుంది. తప్పు దాదాపు ఒకటిన్నర ఆంపియర్లకి పెరిగింది. ఒక్క చోట రెండు మీటర్లూ కలిశాయి, కానీ ఖాళీగా ఉన్నప్పటి తప్పు పోలేదు, పెద్ద కరెంట్ల దగ్గర లెక్క ఇంకా చెడింది. తప్పులు రెండు రకాలు. ఒక్క కొలతతో రెండిటినీ విడదీయలేం. అందుకే కనీసం మూడు చోట్ల చూడాలి. కరెంట్ అసలు లేనప్పుడు ఒకసారి. కొద్ది కరెంట్ మీద ఒకసారి. బండి గట్టిగా లాగేటంత కరెంట్ మీద ఒకసారి. మూడు చోట్లా తేడా ఒక్కటే ఉంటే అది పాసంగం. సున్నా దగ్గర తేడా లేకుండా, కరెంట్‌తో పాటు తేడా పెరుగుతుంటే అది గెయిన్. మొదట్లో సరిగ్గా ఉండి, పది నిమిషాలు నడిచాక జరిగిపోతుంటే ఎక్కడో వేడి పుడుతోంది.

సరే, సున్నా ఎలా చూడాలి? ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. తాళంచెవి ఆపేస్తే కరెంట్ ఆగిందనుకుంటారు. ఆగదు. బండిలో జీపీఎస్ పెట్టె ఉండొచ్చు. అలారం ఉండొచ్చు. అవి 30 మిల్లీ ఆంపియర్లు తాగుతున్నాయనుకోండి. ఆ సమయంలో ఆఫ్‌సెట్ క్యాలిబ్రేషన్ నొక్కితే, గేజ్ ఆ 30 మిల్లీ ఆంపియర్లనే సున్నా అని నేర్చుకుంటుంది. పళ్లెంలో వస్తువు ఉండగా పాసంగం సర్దినట్టే ఇది. ఇక ఆ తప్పు లెక్కలో నిలబడిపోతుంది. కాబట్టి లోడ్ వైరు, చార్జర్ వైరు రెండూ బ్యాటరీ నుంచి పూర్తిగా ఊడదీయాలి. కాసేపు ఆగాలి. బోర్డు చల్లబడి గది వేడికి రావాలి. అప్పుడు గేజ్ ఎంత చూపిస్తోందో చూడాలి. ఒక్క క్షణం కనిపించిన అంకె కాదు. ఒకటి రెండు నిమిషాల పాటు చూసి సగటు పట్టుకోవాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ బ్యాటరీలు షార్ట్ అయితే వందల ఆంపియర్లు పారతాయి. పాన పొరపాటున తగిలినా మెరుపు వస్తుంది. చేతికి ఉంగరాలు, కడియాలు తీసేయాలి. లైనులో ఫ్యూజు ఉండాలి. ప్యాక్ విప్పడం నేర్చినవాళ్లే చేయాలి. మిగతావాళ్లు ఈ మాటలు విని, మెకానిక్‌ని సరైన ప్రశ్న అడగగలిగితే చాలు.

సున్నా చూశాం. ఇప్పుడు దారి. ముందు షంట్‌నే దగ్గరగా చూద్దాం. ప్యానెల్ మీద బిగించే షంట్‌కి రెండు ఇత్తడి దిమ్మలు ఉంటాయి. మధ్యలో పల్చని లోహపు రేకులు. ఒక్కో దిమ్మకి ఒక పెద్ద బోల్టు, ఒక చిన్న స్క్రూ. పెద్ద బోల్టు కరెంట్ మోసే లావు కేబుల్‌కి. చిన్న స్క్రూ మిల్లీవోల్టులు చూసే సన్న వైరుకి. ఈ సన్న వైరుని తీసుకెళ్లి పెద్ద బోల్టు కింద నొక్కితే ఏమవుతుంది? బోల్టుకీ కేబుల్‌కీ మధ్య ఉండే అడ్డు కూడా కొలతలో కలుస్తుంది. అది బిగువుని బట్టి మారుతుంది. చిలుము పట్టినా మారుతుంది. ఇవాళ కుదిరిన లెక్క నెల తర్వాత కుదరదు. కరెంట్ మోసే దారి వేరుగా, కొలిచే దారి వేరుగా ఉండాలన్న సూత్రం కొత్తది కాదు. లార్డ్ కెల్విన్ 1861లోనే చిన్న చిన్న అడ్డులను కొలవడానికి ఈ పద్ధతితో బ్రిడ్జి తయారుచేశాడు. బోర్డు మీద అతికించే చిన్న షంట్‌లకీ ఇదే సూత్రం. సన్న గీతలు షంట్ ప్యాడ్ లోపలి అంచు నుంచే బయల్దేరాలి. దూరంగా ఉన్న రాగి గీత మీద నుంచి తీస్తే రాగి అడ్డు కూడా కలుస్తుంది.

రాగి కలిస్తే ఏం పోయింది, గెయిన్ మార్చి సరిచేసుకోవచ్చు కదా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు వేడిలో ఉంది. రాగి అడ్డు ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. షంట్‌లకి మాంగనిన్ లాంటి మిశ్రమలోహం వాడేది అందుకే. రాగి, మాంగనీసు, నికెల్ కలిసిన లోహం అది. ఎడ్వర్డ్ వెస్టన్ 1892లో తయారుచేశాడు. వేడెక్కినా దాని అడ్డు దాదాపు మారదు. ఇప్పుడు లెక్క వేయండి. మన ఒక మిల్లీ ఓమ్ షంట్‌కి పదో వంతు రాగి అడ్డు కలిసింది. లెక్క 10 శాతం ఎక్కువ వచ్చింది. గెయిన్ తగ్గించి ఉదయం పూట సరిచేశారు. మధ్యాహ్నం ఎండలో, సీటు కింద, ఆ రాగి 30 డిగ్రీలు వేడెక్కింది. ఆ రాగి భాగం 12 శాతం పెరిగింది. మొత్తం కొలతలో అది ఒక శాతం పైన తేడా. మాటిమాటికీ గేజ్ సరిచేయించినా మళ్లీ తప్పుతోందంటే, తప్పు అంకెలో లేదు, దారిలో ఉంది. దారిని బాగుచేయకుండా అంకె మారిస్తే ఆ తప్పుని మనమే దాచిపెట్టినట్టు.

దారిలో ఇంకో మూడు తప్పులు తరచుగా ఉంటాయి. వాటిని పట్టే గుర్తులు చెబుతాను. మొదటిది, చార్జర్ నెగెటివ్ వైరుని షంట్ దాటించకుండా నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కి కలపడం. అప్పుడు వాడకం లెక్కకి వస్తుంది, చార్జింగ్ లెక్కకి రాదు. చార్జింగ్ పెట్టినా శాతం కదలకుండా, ఫుల్ అయ్యాక ఒక్కసారిగా నూటికి దూకితే ముందు ఇదే చూడండి. రెండోది, రెండు సన్న వైర్లు తారుమారు కావడం. బండి నడుస్తుంటే చార్జింగ్ ఎక్కుతున్నట్టు చూపిస్తుంది. సెట్టింగ్‌లో గుర్తు తప్పుగా ఇచ్చినా ఇదే జరుగుతుంది. చాలా గేజ్ చిప్పుల్లో బయటికి పోయే కరెంట్‌ని మైనస్ గుర్తుతో ఇవ్వాలి. మైనస్ మరిచిపోతే లెక్క తలకిందులవుతుంది. మూడోది, షంట్ ఒకటి, సెట్టింగ్ ఇంకొకటి కావడం. ప్యానెల్ షంట్ మీద 100 ఆంపియర్లు, 75 మిల్లీవోల్టులు అని చెక్కి ఉంటుంది. మీటర్‌లో 50 మిల్లీవోల్టుల షంట్ అని పెట్టి ఉంటే, ప్రతి కరెంట్‌నీ ఒకటిన్నర రెట్లు చూపిస్తుంది. గేజ్ సరిగ్గా ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు, పది రెట్లు తప్పుతోందంటే గెయిన్ జోలికి పోకండి. షంట్ మీద రాసింది చదివి, సెట్టింగ్‌లో అదే ఇవ్వండి.

సున్నా చూశాం. దారి చూశాం. ఇప్పుడు అంకె. ఇక్కడ మూడు సంగతులు ముఖ్యం. ఒకటి, మనం పోల్చి చూసే మీటర్ నమ్మదగినదై ఉండాలి. క్లాంప్ మీటర్లలో కొన్ని ఏసీ కరెంట్‌నే చూస్తాయి. బ్యాటరీకి పనికిరావు. డీసీ చూసేవాటికి కూడా వైరుకి తగిలించే ముందు ప్రతిసారీ సున్నా బటన్ నొక్కాలి. అంటే మీటర్‌కి కూడా పాసంగం చూడాల్సిందే. రెండు, లోడ్ నిలకడగా ఉండాలి. మోటారు కరెంట్‌ని ముక్కలు ముక్కలుగా లాగుతుంది. గేజ్ ఒక సగటు చూపిస్తుంది, మీటర్ ఇంకో సగటు చూపిస్తుంది. అవి కలవకపోతే తప్పెవరిదో తేల్చలేం. ఎలక్ట్రానిక్ లోడ్ ఉంటే మంచిదే. లేకపోతే 12 వోల్టుల 55 వాట్ల హెడ్‌లైట్ బల్బులు నాలుగు వరసగా కలపండి. మన 51.2 వోల్టుల బ్యాటరీ మీద నాలుగున్నర ఆంపియర్ల పైన నిలకడగా తీసుకుంటాయి. అలాంటి వరసలు ఎన్ని కలిపితే అన్ని రెట్లు కరెంట్. వెలిగించగానే బల్బులు ఎక్కువ లాగుతాయి. అందుకే కాసేపాగి కొలవండి. మూడు, గెయిన్‌ని పెద్ద కరెంట్ దగ్గర సరిచేసి, చిన్న కరెంట్ దగ్గర పరీక్షించండి. అక్కడ కలవకపోతే గెయిన్‌ని మళ్లీ తిప్పకండి. వెనక్కి వెళ్లండి. సున్నా దగ్గరో, దారిలోనో తప్పు మిగిలి ఉందని అర్థం.

ఇదంతా విన్నాక కొందరికి ఒక సందేహం వస్తుంది. ఫుల్ చార్జింగ్ అయినప్పుడు గేజ్ తనంతట తానే నూటికి వస్తుంది కదా, ఈ తప్పులన్నీ అక్కడే తుడిచిపెట్టుకుపోతాయి కదా అని. నిజమే. వోల్టేజ్ పై హద్దుకి చేరి, చార్జింగ్ కరెంట్ బాగా తగ్గాక గేజ్ నూరు శాతం అని రాసుకుంటుంది. కానీ రోజూ ఫుల్ చార్జింగ్ దొరుకుతుందా? ఆటోవాళ్లు భోజనం వేళ గంటసేపు పెట్టి తీసేస్తారు. సోలార్ బ్యాటరీలు వానాకాలంలో ఎన్నో రోజులు ఫుల్ కావు. ఆ మధ్యకాలమంతా పాసంగం తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజ్ మధ్యలో సాయం చేయదని ముందే చెప్పుకున్నాం. ఇంకో సందేహం. చిన్న కరెంట్‌ని సున్నాగా తీసుకునే డెడ్‌బ్యాండ్ అనే సెట్టింగ్ ఉంది కదా, అది పెంచితే సరిపోదా అని. నిలబడి ఉన్న బండికి పాసంగం కనపడకుండా పోతుంది, నిజమే. కానీ దానితో పాటు నిజమైన చిన్న కరెంట్లు కూడా లెక్కలోంచి పోతాయి. 30 మిల్లీ ఆంపియర్లు తాగే జీపీఎస్ పెట్టె నెలకి 21.6 ఏహెచ్ ఖర్చుచేస్తుంది. డెడ్‌బ్యాండ్ 50 మిల్లీ ఆంపియర్లకి పెడితే గేజ్ దాన్ని చూడనే చూడదు. నెల రోజులు నిలిపిన బండిలో, మన 100 ఏహెచ్ బ్యాటరీ అయితే, అయిదో వంతు చార్జి పోయి ఉంటుంది. డిస్‌ప్లే మీద మాత్రం అంకె కదలదు.

మూడో అభ్యంతరం కొంచెం లోతైనది. గేజ్ బ్యాటరీ సామర్థ్యాన్ని తన కొలతతోనే నేర్చుకుంటే, గెయిన్ తప్పు ఉన్నా శాతం సరిగ్గానే వస్తుంది కదా అని. ఇది ఒప్పుకోవాల్సిన మాటే. అయిదు శాతం ఎక్కువ కొలిచే గేజ్, 100 ఏహెచ్ బ్యాటరీని 105 అనుకుంటుంది. వాడకాన్నీ అదే కొలతతో చూస్తుంది. శాతం కుదిరిపోతుంది. కానీ బ్యాటరీ ఆరోగ్యం లెక్క కుదరదు. అయిదు శాతం తక్కువ కొలిచే గేజ్ దగ్గర, బాగున్న 100 ఏహెచ్ బ్యాటరీ 95గా కనిపిస్తుంది. వారంటీ అడిగేటప్పుడు, పాత బ్యాటరీ బేరమాడేటప్పుడు ఆ అంకే సాక్ష్యం. కాబట్టి గెయిన్ కూడా సరిచేయాల్సిందే. అయితే దాని చోటు వరసలో చివరిది.

ఇంట్లోనో, షాపులోనో ప్యాక్ విప్పకుండా చేయగల పరీక్ష ఒకటి చెప్తాను. గేజ్ లోపలికి వచ్చిన ఏహెచ్, బయటికి పోయిన ఏహెచ్ విడివిడిగా చూపించేదైతే చాలు. బ్యాటరీ ఫుల్ చేయండి. ఆ అంకెలు రాసుకోండి. వాడండి. మళ్లీ ఫుల్ చేయండి. లిథియం బ్యాటరీలో పోయినదీ, వచ్చినదీ దాదాపు సమానంగా ఉండాలి. ఒక శాతం లోపు తేడా ఉండొచ్చు. పోయింది 61, వచ్చింది 59 అని చూపిస్తే, మొత్తం 10 గంటలు పట్టి ఉంటే, తేడా 2 ఏహెచ్‌ని 10 గంటలతో భాగించండి. 0.2 ఆంపియర్. పాసంగం ఎంతో తెలిసిపోయింది. పోయింది 63, వచ్చింది 63 అని సమానంగా చూపిస్తే సున్నా బాగున్నట్టే. వచ్చింది మరీ తక్కువగా, అసలు రానట్టుగా ఉంటే చార్జర్ దారి చూడండి. గుర్తుంచుకోండి, ఈ పరీక్ష లిథియంకే. లెడ్ యాసిడ్ బ్యాటరీకి తీసినదానికంటే ఎక్కువే ఎక్కించాలి. అక్కడ ఈ సమానం పనిచేయదు.

బ్యాటరీలు బాగుచేసే అన్నదమ్ములకి, ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో ఈ పని నేర్చుకుంటున్న పిల్లలకి నా మనవి ఒక్కటే. ప్రతి బ్యాటరీకి మూడు అంకెలు రాసిపెట్టండి. కరెంట్ లేనప్పుడు గేజ్ ఏం చూపింది, చిన్న లోడ్ మీద ఏం చూపింది, పెద్ద లోడ్ మీద ఏం చూపింది. పక్కనే మీ మీటర్ చూపిన అంకె, ఆ రోజు తేదీ రాయండి. ఆ కాగితం ప్యాక్ మూత లోపల అంటించండి. మళ్లీ ఆ బ్యాటరీ ఎవరి దగ్గరికి వచ్చినా, ఏది మారిందో చూడగానే తెలుస్తుంది. సున్నా మారితే పాసంగం. వేడికి మారితే దారి. కరెంట్‌తో పాటు మారితే గెయిన్. బాగున్న సెల్స్‌ని పారేసే పని తప్పుతుంది. బ్యాటరీ మీద బతికే డ్రైవరుకి ఒక బ్యాటరీ ఖర్చు మిగులుతుంది. మరోసారి చెప్తున్నాను. ముందు సున్నా. తర్వాత దారి. ఆఖరున అంకె.